ఆచార్య సోమయాజులు గారి దినం

ఆ శుక్రవారం ఉదయం లక్ష్మీరాజం చేయదలచిన పనులు మూడే. బావిలోంచి రెండు బిందెల నీళ్లు తోడుకోవడం, దేవుణ్ణి ఏమీ అడగకుండా పూజ ముగించడం, బడి గంట కొట్టేలోపు ఒక చీటీ రాసి పంపడం. మొదటి రెండూ నాలుగేళ్లుగా అలవాటైన పనులే. భార్య గంగుబాయి పోయినప్పటి నుంచి నీళ్లు ఆయనే తోడుకుంటున్నాడు. దేవుణ్ణి అడగడం కూడా అప్పుడే మానేశాడు. కొంప ముంచింది మూడో పని.

చీటీకి కారణం ముందురోజు వచ్చిన ఉత్తరం. పట్నంలో యూనివర్సిటీ వృక్షశాస్త్ర శాఖ నుంచి ఆచార్య సోమయాజులు స్వయంగా రాశారు. ఆ శాఖ వాళ్లు ఆరేళ్లుగా, ప్రతి కార్తీకంలోనూ పద్నాలుగు మంది విద్యార్థులతో నిర్మల్ వచ్చి, పదిరోజులు ఘాట్ రోడ్డు పక్క అడవుల్లో తిరిగి, ఆకులూ పూలూ కొమ్మలూ ఏరుకుని పోతారు. మకాం లక్ష్మీరాజం ఇంట్లోనే. ఆయన ఆ శాఖలో చదువుకుని పన్నెండేళ్లైంది. ఇప్పుడు నిర్మల్‌లో సైన్సు పంతులు. పూర్వ విద్యార్థుల సంఘానికి ఆదిలాబాద్ జిల్లా కార్యదర్శి కూడా. జిల్లాలో సంఘానికి చందా కట్టే సభ్యులు ఇద్దరే. ఆ రెండోవాడు భైంసాలో పత్తి మిల్లులో పనిచేసే సిద్దిరాములు. నిర్మల్‌కు రమ్మంటే ఆరేళ్లుగా "ప్రయత్నిస్తాను" అని రాస్తున్నవాడు.

సోమయాజులు గారి ఉత్తరం పొట్టిది. ఈ ఏడుతో తాను పదవీ విరమణ చేస్తున్నానన్నారు. తన తర్వాత వచ్చేవారు శిబిరాన్ని నల్లమలకు మార్చాలంటున్నారట. నిర్మల్‌లో శాఖకు ఉన్నది ఒకే ఒక్క మనిషి సాయమని వాళ్ల వాదన. శాఖ ఏటా పట్నంలో జరిపే ఆచార్య దినాన్ని ఈసారి మీ ఊళ్లోనే జరుపుదాం, వచ్చే గురువారం వస్తున్నాం, నలుగురు పూర్వ విద్యార్థులు కళ్లకు కనబడితే నిర్మల్ తరఫున మాట్లాడడానికి నాకు బలం ఉంటుంది అని ముగించారు.

శిబిరం పోతే తనకు పోయేదేమిటో లక్ష్మీరాజం ఎవరికీ చెప్పుకునే మనిషి కాదు. బయటికి మాత్రం అదొక పెద్ద తలనొప్పి అన్నట్టే మాట్లాడేవాడు. ఇల్లంతా బురద కాళ్లు, బావి దగ్గర తోపులాట, ఎక్కడ అడుగు పెట్టినా ఆకులు ఆరబెట్టిన పాత పేపర్లు. కానీ వాళ్లు పోయాక మంచం కింద ఒక ఎండుటాకు దొరికితే, దాన్ని పారేయడానికి ఆయనకు రెండు నెలలు పట్టేది. పిల్లలు ఆకుల కట్టల మీద బరువుకు గంగుబాయి పిండి విసురుకునే ఇసుర్రాయి పెట్టేవాళ్లు. ఆమె ఉన్నప్పుడు, వద్దని కేకలేసి, మళ్లీ తనే దొర్లించుకొచ్చి ఇచ్చేది.

బడిలో ఆయన సారు. వాడలో పంతులు. శాఖలో తమకంటే ముందు చదివినవాళ్లను అన్నా అని పిలవడం ఆ విద్యార్థుల ఆనవాయితీ. ఏ గుట్ట మీద ఏ చెట్టుందో వాళ్లకు చూపించేవాడు. వాళ్లు రాసుకున్న లాటిన్ పేరు పక్కన ఊరి పేరు రాయించేవాడు. ఏడాది పొడవునా కావలసిన గింజలు ఏరి పోస్టులో శాఖకు పంపేవాడు. ఆ పనులన్నీ శాస్త్రం కోసమని అందరితో అనేవాడు. అన్నా అన్న ఆ పిలుపు కోసమని ఎవరైనా అని ఉంటే కొట్టినంత పని చేసేవాడు.

పూజ ముగించి కాగితం తీసుకుని ఇలా రాశాడు: "వచ్చే గురువారం మా యింట ఆచార్య సోమయాజులు గారి దినం జరుపబడును. పూర్వ విద్యార్థులు, శ్రేయోభిలాషులు తప్పక విచ్చేయవలెను. భోజన సదుపాయము కలదు."

చదువుకుంటే 'దినం' దగ్గర కన్ను ఆగింది. ఆ ప్రాంతంలో రోజును రోజనే అంటారు. ఒక మనిషి పేరు చెప్పి దినమంటే, ఆ మనిషి పోయిన పదకొండో రోజున, పిట్టకు అంటే కాకికి ముద్ద పెట్టి చేసే కర్మ. తిట్టదలచినా "నీ దినాలు జెయ్య" అనే తిడతారు. ఆ సంగతి లక్ష్మీరాజానికి తెలుసు. తెలుసు కాబట్టే మార్చలేదు. మాట్లాడేటప్పుడు ఆయనదీ వాళ్ల అవ్వ భాషే, కానీ రాతలో ఆ భాష కనబడితే పన్నెండేళ్లుగా ఎర్రసిరాతో కొట్టేస్తున్నాడు. ఒక్క చీటీ కోసం ఇప్పుడు లొంగుతాడా? నిఘంటువులో దినమంటే రోజు. నిఘంటువు చూడనివాళ్ల ఖర్మ వాళ్లది.

చీటీని బడి చప్రాసీ గంగయ్య చేతిలో పెట్టాడు. ముందు వంట చేసే చంద్రవ్వకు, తర్వాత బొమ్మల వాడలో అంజన్నకు చదివి వినిపించి, చివరకు భైంసా బస్సులో సిద్దిరాములుకు పంపమన్నాడు. గంగయ్య అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివే మనిషి. దినం అన్న మాట మీద వేలు కాసేపు నిలబడిపోయింది. పంతులు ముఖం చూశాడు. ఆ ముఖంలో ఎప్పుడూ ఏమీ కనబడదు. తల వంచుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం చంద్రవ్వ వచ్చింది. పక్కింటి ముసలామె, శిబిరానికి ఆరేళ్లుగా వంట ఆమె చేతిదే. ఎప్పుడూ తిన్నగా వంటింట్లోకి పోయేది, ఆ రోజు గడప అవతలే కూర్చుంది.

"ఎట్లయింది పంతులూ గిట్ల?" అంది.

పదవీ విరమణ సంగతి అప్పుడే ఈమె దాకా పోయిందే అనుకున్నాడు లక్ష్మీరాజం. "వయసైపోయింది. ఎవలకైనా తప్పేదా?" అన్నాడు.

"పోయిన కాత్తీకంల గంత గుట్ట ఎక్కిండు గద. మంచిగుండె."

"మంచిగుంటే ఏంది? టైమొస్తే పొమ్మంటరు. పోవాలె."

చంద్రవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది. "ఇంట్ల ఆమె ఎట్లున్నదో, పాపం."

"ఆమెకేంది. ఇగ నుంచి పొద్దంత ఇంట్లనే, ఆమె ముంగటనే కూసుంటడు."

చంద్రవ్వ రెండు చేతులూ జోడించి, ఆయనకు ఏమేమి ఇష్టముండెనో చెప్పమంది. జొన్నరొట్టె, వంకాయ కూర, పచ్చిపులుసు అని లక్ష్మీరాజం విసుక్కుంటూ చెప్పాడు. ఆరేళ్లు వండిపెట్టి మళ్లీ అడగడం ఏమిటని ఆయన బాధ.

"మరి పిట్టకు ఎవలు పెడ్తరు పంతులూ? నువ్వేనా?"

"పిట్టల సంగతి మనది గాదు చంద్రవ్వా. అది వేరే శాఖ. మనది చెట్లే," అన్నాడు లక్ష్మీరాజం.

చంద్రవ్వ ఇంటికి పోయి వాడలో ఆడవాళ్లకు చెప్పింది. పంతులుకు మతి తప్పుతున్నదనీ, పెండ్లం పోయిన నాడు గూడ గిట్లనే కంట చుక్క రాలేదనీ, లోపల పెట్టుకున్న ఏడుపు ఎన్నడైనా మనిషిని తినకుండా ఉండదనీ చెప్పింది. దినం పనులు ఇగ మనమే చూసుకోవాలె అని తేల్చింది.

బొమ్మల వాడలో సంగతి ఇంకోలా పాకింది. బొమ్మలు చెక్కే పొనికి కర్ర దొరకడం కష్టమైపోతున్న రోజుల్లో, సోమయాజులు గారు విద్యార్థుల చేత గుట్టవాలున మూడువందల పొనికి మొక్కలు నాటించారు. అవి ఇప్పుడు మనిషెత్తు దాటాయి. అందుకని అంజన్నకు ఆ పెద్దసార్ అంటే ప్రాణం. చీటీ విని, చేతిలో ఉన్న చెక్కచిలుకను పక్కన పెట్టి, ఆ దేవుని లాంటి మనిషిని పటంలో నిలబెడతానన్నాడు. పేరు తప్పుపోకుండా రాయాలని చీటీని తన దగ్గరే ఉంచుకున్నాడు. మర్నాడు ఫొటో కోసం లక్ష్మీరాజం దగ్గరికి వచ్చాడు. లక్ష్మీరాజం పొంగిపోయాడు. ఊరికి గౌరవించడం తెలుసునని ఆయనకు మొదటిసారి అనిపించింది. సోమయాజులు గారి తల గోరంత ఉన్న శిబిరం ఫొటో ఒకటి ఇచ్చాడు. అందులో ఆయన ఎండ టోపీ పెట్టుకుని ఉన్నారు.

చీటీ అంజన్న దగ్గర ఆగిపోవడంతో భైంసాకు పోయింది నోటిమాటే. గంగయ్య బస్సు కండక్టరుకు చెప్పాడు. కండక్టరు టికెట్లు కొడుతూ ఆ మాటను దారి పొడవునా మోసి, భైంసాలో మిల్లు గేటు దగ్గర దించాడు: ఆకుల పెద్దసార్ పోయిండట, గురువారం నిర్మల్‌లో దినమట, సిద్దిరాములు సార్‌ను రమ్మన్నరట.

సిద్దిరాములు పత్తి బేలు మీద కూలబడ్డాడు. ఆరేళ్లు పిలిస్తే పోలేదు. ఇక పిలిచేవాడే లేడు. లేచి, ఇంట్లో అటక మీద ఉన్న సంఘం చిరునామాల పుస్తకం దించాడు. ఎన్నడో నకలు రాసిస్తానని తీసుకుని, రాసీ ఇవ్వక, తిరిగీ ఇవ్వక ఉంచుకున్న పుస్తకం అది. పోస్టాఫీసుకు పోయి, అందులో ఉన్న ఒక్క చిరునామా కూడా వదలకుండా అందరికీ టెలిగ్రాం కొట్టాడు. సోమయాజులు మరణం, గురువారం నిర్మల్‌లో లక్ష్మీరాజం ఇంట కర్మ, రావలెను.

సోమవారం నుంచి నిర్మల్‌కు జవాబులు రావడం మొదలైంది. వరంగల్ నుంచి ఒకటి, కరీంనగర్ నుంచి మూడు, జగిత్యాల నుంచి, బెల్లంపల్లి గనుల నుంచి, పట్నం నుంచి. "బయలుదేరుతున్నాను." "నమ్మలేకపోతున్నాను. వస్తున్నాను." "శాఖకు తీరని లోటు. తప్పక వస్తాను." లక్ష్మీరాజం ఒక్కొక్కటే విప్పి చూసి కరిగి నీరైపోయాడు. పదవీ విరమణకు ఇంత బాధపడతారా మనుషులు? పన్నెండేళ్లుగా ప్రతి ఉత్తరానికీ 'ప్రయత్నిస్తాను' అని రాసినవాళ్లు వీళ్లేనా? సిద్దిరాములు తన చీటీని అందరికీ అందించి ఉంటాడనుకున్నాడు. అందులో ఏ మాట వాళ్లను ఇంతగా కదిలించిందో అర్థం కాలేదు కానీ, భాష శుద్ధంగా ఉంటే ఫలితం ఉంటుందని మాత్రం నమ్మకం కుదిరింది.

బుధవారం బడికి సెలవు పెట్టాడు. నాలుగేళ్లుగా తాళం వేసి ఉన్న గంగుబాయి సందూకం తెరిచి దుప్పట్లు తీశాడు. అందులో కర్పూరం వాసన ఇంకా ఉంది. అడుగున చిన్న మూట కట్టి, ఎప్పటివో బీరగింజలు. దాన్ని అలాగే ఉంచాడు. దుప్పట్లు ఎండలో వేసి, ఇంటిముందు చీపురుతో తానే ఊడ్చాడు. ఆమె ఉంటే ఇంతమంది వస్తున్నారని తిట్టుకుంటూ, ఇంకా ఎవరైనా వస్తారేమోనని మాటిమాటికీ గుమ్మంలోకి పోయి చూసేది. తాను ఐదుసార్లు అలా పోయి చూశానని గుమ్మంలో నిలబడ్డాక గానీ ఆయనకు తెలియలేదు.

గురువారం పొద్దున ఎనిమిది నుంచే జనం దిగడం మొదలైంది. అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు. ఎవరూ నవ్వడం లేదు. వచ్చినవాడల్లా ఒక్క మాట మాట్లాడకుండా లక్ష్మీరాజాన్ని కౌగిలించుకుని వీపు నిమిరి పక్కకు పోతున్నాడు. నాలుగేళ్లుగా ఎవరూ తాకని వీపు అది. మొదటివాడికి బిగుసుకుపోయాడు. ఆరోవాడికి అలవాటైంది. పదోవాడు వచ్చేసరికి ఇది త్వరగా అయిపోకుండా ఉంటే బాగుండునని కూడా అనిపించింది.

తొమ్మిదిన్నరకు సిద్దిరాములు వచ్చాడు. నున్నని గుండుతో, నెత్తి మీద తడిగుడ్డతో.

"సార్‌కు కొడుకులు లేరు గద లక్ష్మీరాజం. నేనే చేసిన," అన్నాడు.

"ఏం జేసినవ్?"

"తల ఇచ్చిన."

"ఎందుకు?"

సిద్దిరాములు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "దినం గద."

అప్పుడు లక్ష్మీరాజం వాకిట్లోకి చూశాడు. అంజన్న మనుషులు పీట మీద పటం నిలబెడుతున్నారు. నల్లని పలక మీద బంగారు వన్నెలో సోమయాజులు గారు, చుట్టూ లతలు, నెత్తిన ఎండ టోపీకి బదులు కిరీటం. పటానికి చామంతి దండ, ముందు దీపం. పెరటిగోడ మీద చంద్రవ్వ విస్తట్లో జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టి, కాకి కోసం ఆకాశంలోకి చూస్తోంది. నిఘంటువు ఆయన్ను ఆ క్షణంలో వదిలేసి ఎటో పోయింది.

వాకిట్లో ఇరవై రెండు మంది పూర్వ విద్యార్థులు ఉన్నారు. లక్ష్మీరాజం అరుగెక్కి, చెప్పదలచింది రెండు ముక్కల్లో చెప్పాడు. సార్ బతికే ఉన్నడు. పది గంటల బస్సుల వస్తుండు.

సంతోషించవలసిన మాటే. కానీ ఎవరూ వెంటనే సంతోషించలేదు. ఏడవడానికి సిద్ధమై వచ్చినవాళ్లకు జర టైం పడుతుంది. మెట్‌పల్లి నుంచి వచ్చిన అంతయ్య తాలూకా ఆఫీసులో గుమాస్తా. "మరి నేను తండ్రి లాంటోడు పోయిండని ఆఫీసుల రాసిచ్చి వచ్చిన గద," అన్నాడు నిష్ఠూరంగా. తప్పు ఎవరిదన్న చర్చ మొదలైంది. సిద్దిరాములు కండక్టరన్నాడు, కండక్టరుకు చెప్పింది గంగయ్య అన్నారు, గంగయ్య చీటీ అన్నాడు, అంజన్న చీటీ తీసి చూపించాడు. అందరూ చదివారు. అందరూ లక్ష్మీరాజాన్ని చూశారు. ఆయన తన జీవితంలో మొదటిసారి, రాసిన మాటను సమర్థించుకోలేదు.

బస్సు హారన్ వినిపించింది. ఇది సన్మానం, ఎవలు నోరు తెరవద్దు అని మాత్రం అనగలిగాడు. చంద్రవ్వకు చెప్పడం ఎవరికీ గుర్తు రాలేదు.

సోమయాజులు గారు పద్నాలుగు మంది విద్యార్థులతో వాకిట్లోకి వచ్చారు. తెల్లబట్టల్లో నిలబడ్డ జనాన్ని నిదానంగా ఒక్కొక్కరినీ చూశారు. పేరుపేరునా పలకరించారు. సిద్దిరాములు దగ్గర ఆగారు.

"ఏమిటయ్యా ఈ గుండు?"

"వేములవాడ మొక్కు సార్."

"ఎవరికోసం మొక్కావు?"

"మీ ఆరోగ్యం కోసమే సార్."

"ఫలించింది," అన్నారు సోమయాజులు గారు.

పటం దగ్గరికి పోయి కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూశారు. దండ గురించీ దీపం గురించీ ఏమీ అనలేదు. లతకు ఆకులు ఎదురెదురుగా వేశావు, ఈ జాతికి ఒకటి విడిచి ఒకటి రావాలని అంజన్నకు చెప్పారు. అంజన్న సరేనన్నాడు. అప్పుడే పెరట్లోంచి చంద్రవ్వ వచ్చింది. కాకి రాలేదు కనుక విస్తరి ఆమె చేతుల్లోనే ఉంది. ఎదురుగా పటం, పటం పక్కన మనిషి. చంద్రవ్వ కెవ్వుమనలేదు. దగ్గరికి వచ్చి, ఆయన ముఖంలోకి చూసి, విస్తరి చేతికిచ్చింది.

"నువ్వే వచ్చినవా అయ్యా. మంచిగైంది. తిను, కడుపునిండ తిని నిమ్మళంగ పో," అంది.

సోమయాజులు గారు అరుగు మీద కూర్చుని, కాకి కోసం పెట్టిన ఆ జొన్నరొట్టె, వంకాయ కూర శుభ్రంగా తిన్నారు. ఎవరో చంద్రవ్వను పక్కకు తీసుకుపోయి చెవిలో చెప్పారు. ఆమె అక్కడే నేల మీద కూర్చుండిపోయి, చీటీ రాసినవాడి చేతులు ఏమేమి కావాలో మెల్లగా ఒక వరసలో చెప్పుకుంటూ పోయింది.

తర్వాత ఉపన్యాసాలు. అందరూ బస్సుల్లో కూర్చుని తయారు చేసుకున్న మాటలే, కాకపోతే అన్నీ గతించినవాడి గురించి. ఇప్పుడు వాటిని నడిచే బండికి చక్రాలు మార్చినట్టు మార్చుకోవాలి. అంతయ్య లేచి, సార్ ఉన్నప్పుడు అని మొదలుపెట్టి ఆగాడు. చెమటలు తుడుచుకుని, "సార్ ఉన్నప్పుడే చెప్పాల్నని వచ్చిన," అని గట్టెక్కాడు. బెల్లంపల్లి గనుల్లో పనిచేసే కొమురెల్లి, తన బాపు బొగ్గుబావిలో పోయిన ఏడు పరీక్షకు పోలేనంటే, సార్ రెండు మైళ్లు నడిచి హాస్టలుకు వచ్చి లేపుకుపోయిండని చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. ఆ ఏడుపుకు ఏ కాలమూ మార్చుకోవలసిన పని లేకపోయింది. ఒక్కొక్కరే లేచారు. ఎవరికెవరికి ఏం చేశారో ఆ శాఖ గోడలకు కూడా తెలియని సంగతులు బయటికి వచ్చాయి. సోమయాజులు గారు తల వంచుకుని విన్నారు.

లక్ష్మీరాజం వెనకాల గోడకు ఆనుకుని విన్నాడు. గంగుబాయి పదకొండో రోజున ఇదే వాకిట్లో ఆమె గురించి ఎన్నో మంచి మాటలు వినబడ్డాయి. అవన్నీ నిజమే. వాటిలో ఒక్కటీ ఆమె ముందు ఎవరూ అనలేదు. ఎవరూ అంటే తాను కూడా. ఇసుర్రాయి దొర్లించుకొచ్చిన నాడు, చేతులు పట్టుకుపోతాయి వదిలెయ్యమని తాను అనవలసింది. తలుపుకు అడ్డంగా ఉన్నావు జరుగు అన్నట్టు గుర్తు.

చివరకు సోమయాజులు గారు లేచారు. జేబులోంచి మడతపెట్టిన కాగితం ఒకటి తీశారు. టెలిగ్రాం.

"ఇది శనివారం శాఖకు వచ్చింది. నేనే విప్పాను. సోమయాజులు మరణం అని ఉంది."

సిద్దిరాములు తడిగుడ్డతో ముఖం కప్పుకున్నాడు. సంఘం పుస్తకంలో శాఖ చిరునామానే మొదటిది.

"తిరుగు టెలిగ్రాం ఇద్దామనే అనుకున్నాను. తర్వాత ఆలోచించాను. ఏటా ఆచార్య దినానికి పిలిస్తే ఐదుగురికి మించి రారు. ఈ పిలుపుకు ఎంతమంది వస్తారో చూద్దామనిపించింది. నా దినానికి నేను రాకపోతే బాగుండదని నేనూ వచ్చాను."

ఎవరూ నవ్వలేదు. ఆయన నవ్వాక నవ్వారు.

"పోయినవాడి కోరిక ఎవరూ కాదనరు. నాదొకటుంది. నిర్మల్‌లో మనకు ఒక్క మనిషే ఉన్నాడు అంటున్నారు. నిజమే. ఆరేళ్లుగా ఈ ఒక్క మనిషి ఇంటి మీద పడ్డాం. భార్య పోయిన ఏడు కూడా వచ్చి పడ్డాం, వద్దనలేదు. మొహమాటస్థుడు. ఇక్కడ మీరు ఇరవై రెండు మంది ఉన్నారు. ఏడాదికొకరు శిబిరాన్ని మీ ఊరికి పిలిచి, మా పిల్లలకు ఈయన చేసినట్టు చేయండి. శిబిరం ఇక నల్లమలకు పోదు. ఈయనకూ కాస్త విశ్రాంతి దొరుకుతుంది."

వాకిలి చప్పట్లతో మోగిపోయింది. లక్ష్మీరాజం గోడ దగ్గరి నుంచి రెండడుగులు ముందుకు వచ్చాడు. గొంతులో మాట పెద్దది ఉంది. బయటికి వచ్చింది చిన్నది.

"నాకేం పరేషాన్ లేదు సార్. ఇక్కడికే రండి."

"చూశారా, ఇదే నేను చెప్పింది," అన్నారు సోమయాజులు గారు ప్రేమగా. మళ్లీ చప్పట్లు. అంతయ్య వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని, ఇగ నీకేం ఫికర్ లేదు, మేమున్నం అన్నాడు.

పట్టిక అక్కడికక్కడే తయారైంది. చేతులెత్తిన వరసలో పేర్లు రాశారు. మెట్‌పల్లి, బెల్లంపల్లి, జగిత్యాల, కరీంనగర్, వరంగల్. లక్ష్మీరాజం చెయ్యి ఎత్తలేదు. ఎత్తితే మొహమాటం అంటారు. అయినా ఎవరో ధర్మంగా ఆలోచించి, ఆయన పేరు కూడా చివర చేర్చారు. ఇరవై మూడో ఏట నిర్మల్ వంతు వస్తుంది.

మొదటి పేరు సిద్దిరాములుది. గుండు చేయించుకున్న మనిషి ఉత్సాహం మామూలుగా ఉండదు. మంచి పనికి వచ్చే ఏడు దాకా ఆగుడెందుకు, భైంసా పక్కన గూడ గుట్టలున్నయి, ఈ ఏడే మా ఊరికి తోలుకపోత అన్నాడు. అందరూ బాగుందన్నారు. మధ్యాహ్నం భోజనాలు కాగానే అతను కబురు పెట్టి తెప్పించిన మిల్లు లారీ వచ్చింది. విద్యార్థులు విప్పని పెట్టెలు విప్పకుండానే ఎక్కించారు. పాత పేపర్ల కట్టలు, ఆకులు నొక్కే చెక్కలు, గొంగళ్లు. లక్ష్మీరాజం ఆ కట్టలన్నీ తానే మోసి లారీలో సర్దాడు. జారిపోకుండా తాళ్లు కూడా తానే బిగించాడు, అవసరమైన దానికంటే నాలుగు ముడులు ఎక్కువే వేశాడు.

సోమయాజులు గారు డ్రైవరు పక్కన ఎక్కి, కిటికీలోంచి చెయ్యి చాపి ఆయన చెయ్యి పట్టుకున్నారు. మీ రుణం కొంతైనా తీరింది, ఇక హాయిగా ఉండండి లక్ష్మీరాజం గారూ అన్నారు.

పెద్దసార్ మాట ఆయన ఎన్నడూ కాదన్నవాడు కాదు. లారీ మలుపు తిరగగానే ఇంట్లోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, హాయిగా ఉండడం మొదలుపెట్టాడు.